స్పీకర్ పదిహేడు

జొన్నరొట్టె తట్టిన చేతులతో కీబోర్డు ముట్టుకోవద్దని వేణు నాకు వందసార్లు చెప్పి ఉంటాడు. చెప్పిన ప్రతిసారీ కొత్తగా చెప్తున్నట్టే చెప్తాడు. నేనూ కొత్తగా విన్నట్టే విని, లేచి చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని మళ్ళీ కూర్చుంటాను. ఈలోపు పెనం మీద రొట్టె మాడుతుంది. "ఏందో మాడు వాసనొస్తుంది" అని హాల్లోంచి మా అత్త విద్యావతి అంటుంది. ఇల్లూ ఆఫీసూ ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న ఆడదాని ఉద్యోగం ఇలాగే ఉంటుంది. రెండు చోట్లా ఆలస్యంగా వచ్చిన మనిషినే నేను.

మాది నాందేడ్‌లో వజీరాబాద్. కింద మామయ్య పెట్టిన బట్టల దుకాణం, ఆయన పోయాక వేరేవాళ్ళకు ఇచ్చేశాం. పైన ఇల్లు. వంటింటిని ఆనుకుని ఉన్న చిన్న గది మా కంపెనీ. దాని పేరు ముచ్చట. వెబ్‌సైటు తెరిచి, మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే, మనం ఎట్లా మాట్లాడితే అట్లా రాస్తుంది. అందులో గొప్పేముంది, మా ఫోనూ రాస్తుంది కదా అంటారు మీరు. మీకు రాస్తుంది, మాకు రాయదు. మా దగ్గర మాట తెలుగులో బయల్దేరి మరాఠీలో ఒక మలుపు తిరిగి దక్కనీ హిందీలో ఇల్లు చేరుతుంది. కొంచెం ఆగు, వస్తున్నా, అంత తొందరేమిటి అనడానికి "జరా థాంబా, అస్తున్న, ఇత్నీ జల్దీ క్యా హై" అంటే మాకది ఒక్కటే భాష. ప్రపంచాన్నంతా జేబులో వేసుకున్న పెద్ద కంపెనీలకు మాత్రం అది మూడు ముక్కలు. ముందు నీ భాషేదో ఎంచుకొమ్మంటాయి.

వేణు పుణెలో అలాంటి ఒక పెద్ద కంపెనీలో ఏడేళ్ళు పనిచేసి, విసిగి వచ్చేశాడు. వచ్చిన మర్నాడే, నేను పప్పులో పోపు వేస్తుంటే గుమ్మంలో నిలబడి, "ఆళ్ళకు మన మాట లెక్కల లేదు యామినీ. లెక్కల లేనోళ్ళ కోసం మనం చేద్దాం" అన్నాడు. ఆ మాటకు నేను పడిపోయాను. ఇప్పటికీ అది గుర్తొస్తే అతని మీద ప్రేమే పుడుతుంది. అదే నా బాధ. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

అప్పటికి నేను బిలోలిలో బడి పంతులమ్మను. ఎనిమిదేళ్ళుగా పొద్దున బస్సెక్కి పోయి సాయంత్రం బస్సెక్కి వచ్చేదాన్ని. "బయట ఎవలికిందనో చేసుడెందుకు, మన కంపెనీల చెయ్యి. నీకంటే మంచిగ మూడు బాషలు ఎవలికొస్తయి" అన్నాడు. నిజమే. మా నాయన రాజారాం ముద్ఖేడ్‌లో రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, క్వార్టర్ల వాకిట్లో దక్కనీ. ఎవరూ నేర్పకుండానే మూడూ వచ్చాయి. అట్లా వచ్చినదానికి ఒక విలువ ఉంటుందని మొదటిసారి నా మొగుడే చెప్పాడు కదా అని, ఉద్యోగం మానేశాను.

యంత్రానికి మాట నేర్పాలంటే ముందు మనుషుల గొంతులు కావాలి. ఆ గొంతులు విని, ఏమన్నారో ఒక్కో వాక్యం ఎవరో ఒకరు రాసి పెట్టాలి. అట్లా వేల వాక్యాలు చూపిస్తే అప్పుడది నేర్చుకుంటుంది. ఆ ఎవరో ఒకరు నేను. కూరగాయల వాళ్ళు, ఆటోవాళ్ళు, గురుద్వారా దగ్గర పూలమ్మే ఆడవాళ్ళు, మొత్తం అరవై మంది గొంతులు. ఒక్కొక్కరికి ఒక నంబరు. నాలుగేళ్ళలో నేను రాసిన వాక్యాలు లక్ష దాటాయి. "మా యామిని టైంపాస్‌కు ఏదో టైపు చేస్తది" అని మా అత్త చుట్టుపక్కల వాళ్ళకు చెప్పేది. "వేణుకు జర సాయం" అని కూడా అనేది, ఎవరైనా మరీ గుచ్చి అడిగితే. వేణు వినేవాడు, నవ్వేవాడు. కాదని ఒక్కసారీ అనలేదు.

పని చేసే పేజీని వేణే తయారుచేశాడు. ఎడమ పక్క గొంతు, కుడి పక్క నేను రాయాల్సిన ఖాళీ, కింద మూడు బటన్లు. ఉంచు, తీసెయ్, రిపీట్. ఒక మనిషి ఒక వాక్యాన్ని ఒక్కసారే చెప్పాలి. మళ్ళీ అదే చెప్తే యంత్రం కొత్తగా నేర్చుకునేదేమీ లేదు, ఉత్త బరువు. అప్పుడు రిపీట్ నొక్కాలి. నొక్కితే ఆ గొంతు పక్క ఫోల్డర్‌లోకి పోతుంది. అది పనికిరాని వాటి ఫోల్డర్. "ఈ ఒక్క రూలు మాత్రం తప్పొద్దు" అన్నాడు. తప్పలేదు నేను. చెప్పిన పని సరిగ్గా చేయడంలో నాకు చిన్నప్పటినుంచీ మంచి పేరు.

అమ్మ పేరు నర్మద. నాయన పోయాక ముద్ఖేడ్‌లో ఒక్కతే ఉండేది. పోయినేడు హోలీ తర్వాత నేనే పట్టుబట్టి తీసుకొచ్చాను. వారం గడవకముందే మా అత్త మొదలుపెట్టింది. నాతో కాదు, తులసికోటతో అన్నట్టు అనేది. "బిడ్డింట్ల మెతుకు ఎన్నొద్దులు తింటరు? మా కాలంల బిడ్డింటికొస్తే నీళ్ళు గూడ తాగకపోయేది." అమ్మ పళ్ళెంలో అన్నం తగ్గించింది. నేను చూశాను. వేణు కూడా చూశాడు. అతనే అన్నాడు, "అత్తమ్మ మాట మస్తుంది, మూడు బాషలు కలిసి అస్తున్నయి. రికార్డింగ్ చేద్దాం. కంపెనీల పనుంది గావట్టి ఉన్నదంటే మా అమ్మ గూడ ఏమనది" అని. ఆ పూట అతని కాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

అట్లా అమ్మ మా స్పీకర్ పదిహేడు అయింది.

మధ్యాహ్నం రెండింటికి అత్త నిద్రపోయేది. అప్పుడు మా పని. అమ్మ మొహం కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని, జడ వేసుకుని డ్యూటీకి పోతున్నట్టు ఆ గదిలోకి వచ్చి కూర్చునేది. "ఉత్తగ తింటలేను వదినె, అల్లుని కంపెనీల పని జేస్తున్న" అని మా అత్తకు రోజూ ఏదో వంకన చెప్పుకునేది. ఫ్యాను చప్పుడు రికార్డింగులో పడుతుందని ఫ్యాను ఆపేవాళ్ళం. మే నెల ఎండ. తలుపు, కిటికీ మూసి ఉండేవి. అమ్మ మెడ మీద చెమట కారుతుంటే కొంగుతో తుడుచుకునేది కాదు. గాజుల చప్పుడు కూడా పడొద్దని నేను చెప్పి ఉన్నాను కదా.

నేనొక విషయం ఇచ్చేదాన్ని. బజారు, వంట, ప్రయాణం, పెళ్ళి. అమ్మ దాని గురించి చెప్తూ పోయేది. నేను చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఆమె మొహం వైపు కాక తెర మీద లేచి పడే గీతల వైపు చూసేదాన్ని. పెళ్ళయ్యాక పదమూడేళ్ళలో అమ్మ ముందు అన్ని గంటలు కూర్చున్నది అప్పుడే. అమ్మ మాట అంత శ్రద్ధగా విన్నదీ అప్పుడే. అమ్మకు కూడా అది తెలుసు. అందుకే కాబోలు, చెప్పాల్సింది అక్కడ చెప్పింది.

మే తొమ్మిదో తారీఖు ఇచ్చిన విషయం బజారు. వంకాయలు, మెంతికూర అయిపోయాక కొంచెం ఆగి, "కడుపుల మంటైతుంది బిడ్డా" అంది. నేను సంతోషపడ్డాను. ఆరోగ్యం కింద వాక్యాలు తక్కువున్నాయని వేణు ఎప్పటినుంచో సణుగుతున్నాడు. ఉంచు నొక్కాను. రెండు రోజుల తర్వాత అదే మాట మరాఠీలో వచ్చింది, "పోటాత్ జళ్‌జళ్ హోతె" అని. ఆ తర్వాత దక్కనీలో, "పేట్ మే జలన్ హోరీ" అని. "మస్తు చెప్పినవమ్మా, మూడు బాషలల్ల అచ్చింది" అన్నాను. ఆమెను మెచ్చుకున్నాను. అమ్మ చిన్నగా నవ్వింది. ఆ నవ్వు కూడా రికార్డింగులో ఉంది.

ఆ తర్వాత చెప్పినవన్నీ చెప్పినవే. నొక్కుతూ పోయాను. రిపీట్. రిపీట్. నా మనసు ఎక్కడుందని అడగొద్దు. పొయ్యి మీద పాలున్నాయి, నాలుగింటికి అత్తకు చాయ్ ఉంది, వేణుకు సాయంత్రానికి రెండు వందల వాక్యాలు కావాలి. ఇవన్నీ సాకులే. పని ఒత్తిడిలో ఉన్న మగవాళ్ళు ఇంట్లో ఆడవాళ్ళ మాట వినరని నేను బడిలో తోటి పంతులమ్మలతో ఎంత మాట్లాడేదాన్ని. నాకు పని ఒత్తిడి ఇస్తే నేనేం చేశానో చూశారు కదా.

ఆగస్టు చివర్లో ఒక పొద్దున అమ్మ స్నానాల గదిలో పడిపోయింది. దవాఖానకు తీసుకుపోయాం. పెద్ద డాక్టరు పొట్ట నొక్కి చూసి, మొహం గంభీరంగా పెట్టి, ఎన్నాళ్ళనుంచి నొప్పి అని అడిగాడు. "ఓ వారం నుంచి సార్" అన్నాను. నాకు నిజంగా అంతే తెలుసు. బల్ల మీద పడుకున్న అమ్మ తల తిప్పి నా మొహం చూసింది. నన్ను డాక్టరు ముందు తప్పు మనిషిని చేయడం ఇష్టంలేక ఊరుకుంది. క్యాన్సర్, జీర్ణకోశం అంతా పాకిపోయిందన్నారు. కోసి చేసేదేమీ లేదన్నారు, మూడు నెలల ముందైతే చూసేవాళ్ళమన్నారు. పద్దెనిమిదో రోజు అమ్మ పోయింది. "పుణ్యాత్మురాలు, ఎవ్వరికి బరువు గాకుంట పోయింది" అంది మా అత్త. అది ఆమె నోటినుంచి రాగల పెద్ద మెప్పు. వేణు ఆ గదిలో తలుపేసుకుని ఏడ్చాడు. నేను విన్నాను.

పన్నెండు రోజులు గడవగానే నేను మళ్ళీ కీబోర్డు ముందు కూర్చున్నాను. దుఃఖం వచ్చినవాళ్ళు పని మానేస్తారని కథల్లో రాస్తారు. ఇంట్లో పని మానేస్తే ఆ పూటకు తిండుండదు, ఇంక మానడమేమిటి.

ముచ్చటను జనవరి ఇరవై ఆరు దాటాక జనం ముందు పెట్టాలని ముహూర్తం అనుకున్నాం. దానికి సరిగ్గా పది రోజుల ముందు ఒక పెద్ద కంపెనీ ప్రకటించింది. ఈ దేశంలో ఎవరు ఎట్లా కలిపి మాట్లాడినా తమ ఫోన్లకు అర్థమవుతుందట, అదీ ఉచితమట. వేణు ఆ వార్త చదివి కుర్చీలోనే ఉండిపోయాడు. అన్నానికి పిలిస్తే రాలేదు. "నాలుగేండ్లు యామినీ. ఆళ్ళకు ఒక్క పొద్దుల పని" అన్నాడు. భుజం మీద చెయ్యేశాను. నాలుగేళ్ళు నావి కూడా అని అతనికి తట్టలేదు, నాకూ ఆ క్షణంలో తట్టలేదు.

వేణు భాగస్వామి అనికేత్ పుణెలో ఉంటాడు. కంపెనీలో డబ్బు పెట్టేవాళ్ళను వెతికి తెచ్చేది అతనే. హడావిడిగా దిగాడు. నన్ను వహినీ అంటాడు, వదినా అని. మరాఠీ అబ్బాయే కానీ తెలుగు బాగానే కలుపుతాడు. "ఘాబరా వద్దు. ఆళ్ళ ఫోనుకు అర్థం గానిది, మనదానికి అర్థమైనది ఒక్క గొంతు చూపియ్యాలె. ఎమోషనల్ పాహిజే, ఎమోషనల్ కావాలె వహినీ. దవాఖానలు కొనాలె మన సాఫ్ట్‌వేర్‌ను. పేషెంటు తన మాటల చెప్తది, డాక్టరుకు రాసి వస్తది. సోచో" అన్నాడు. ఇద్దరూ కలిసి పెద్ద కంపెనీ ఫోను ముందు మా గొంతులన్నీ వినిపించడం మొదలుపెట్టారు. ఆ ఫోను చాలామటుకు సరిగ్గానే రాసింది. వేణు మొహం నల్లబడుతూ పోయింది. "పక్క ఫోల్డర్ల గూడ చూడు, కష్టమైన గొంతులు ఏమన్న ఉంటయేమో" అని నాకు చెప్పాడు.

పనికిరాని వాటి ఫోల్డర్‌ను అంతవరకు నేనెప్పుడూ తెరవలేదు. నంబర్ల వారీగా పెట్టాను. పదిహేడు దగ్గర నలభై ఒకటి ఉన్నాయి. తారీఖుల వరసన ఉన్నాయి, మే పద్దెనిమిది నుంచి ఆగస్టు ఇరవై రెండు దాకా. హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదటిది నొక్కాను. "కడుపుల మంటైతుంది బిడ్డా." వెంటనే నా గొంతు, మెత్తగా, "ఇది చెప్పినవమ్మా, వేరేది చెప్పు." రెండోది. మూడోది. పదిహేనో దాంట్లో నా గొంతు మెత్తగా లేదు. "అమ్మా, రిపీట్ వద్దన్న గద." ఇరవై ఎనిమిదో దాంట్లో అమ్మ తిండి సహించడం లేదంటుంది, మంట వీపులోకి పోతుందంటుంది. అది కొత్త వాక్యమే. నేను మొదటి రెండు మాటలు విని నొక్కేశాను. చివరి వాటిలో నా మాటలు కూడా లేవు. నాలుక చప్పరించిన చప్పుడు ఒక్కటే ఉంది. దానికి అమ్మ జవాబు, "మర్సిపోతున్న బిడ్డా. ఇగో, బజారు గురించి చెప్త."

మూడున్నర నెలల పాటు మా అమ్మ నాకు చెప్పింది. రోజుమార్చి రోజు చెప్పింది. నేను డాక్టరుకు వారం అన్నాను.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. వేణు వచ్చి నా చెవినుంచి హెడ్‌ఫోన్ ఒకటి తీసి తన చెవికి పెట్టుకున్నాడు. అప్పుడు మోగుతున్నది ముప్పై నాలుగోది. "కడుపుల మంటైతుంది బిడ్డా, జరా బస్ మాఝ్యాపాశీ." కాసేపు నా దగ్గర కూర్చోమని అడుగుతోంది, సగం తెలుగులో, సగం మరాఠీలో. అప్పటికి అమ్మ గొంతు వణికేది, పళ్ళు లేని నోటిలో మాట జారిపోయేది. వేణు కళ్ళు పెద్దవయ్యాయి. "ఆగు ఆగు" అని ఆ ఫోను తెచ్చి ముందుపెట్టి మళ్ళీ వినిపించాడు. క్షమించండి, అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి, అంది ఫోను. మూడుసార్లు వినిపించాడు. మూడుసార్లూ మర్యాదగా మళ్ళీ చెప్పమంది. ముచ్చటకు వినిపించాడు. అది అక్షరం తప్పకుండా రాసింది. వేణు నా రెండు భుజాలు పట్టుకుని ఊపాడు. "దొరికింది యామినీ" అన్నాడు. ఆ సంతోషంలో నా మొహం చూడటం మరిచాడు.

చెప్పాను. "గివి నలభై ఒకటున్నయి. ఆమె చెప్పుకుంటనే ఉన్నది. నేను రిపీట్ నొక్కిన" అన్నాను. వేణు కూర్చున్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. కాసేపు నిజంగానే బాధపడ్డాడు. "నువ్వేం జేస్తవ్. ముసలోళ్ళు అందరు కడుపునొప్పి అంటరు. నువ్వు రూలు ప్రకారం చేసినవ్" అన్నాడు. ఆ తర్వాత, "కోపం జేస్కోకు. గీ ఒక్క క్లిప్పు డెమోల పెడ్తం. అత్తమ్మ పేరు నిలవడ్తది" అన్నాడు.

"పేరు రాస్తరా తెర మీద?" అని అడిగాను.

"పేరు రాయరాదు. స్పీకర్ పదిహేడు అనే ఉండాలె. ప్రైవసీ రూలుంటది" అన్నాడు.

"మిగిలిన నలభై?"

"అవెందుకు? అన్ని ఒక్కటే గద."

అతను దుర్మార్గంతో అనలేదు. నేను మూడున్నర నెలలు అన్న మాటే అతనూ అన్నాడు. వంటింట్లోకి పోయి నిలబడ్డాను. కొళాయి తిప్పి, నీళ్ళు పోతుంటే చూస్తూ ఉన్నాను. "నీళ్ళు వృథా పోతున్నయి" అంది అత్త.

ఆహ్వాన పత్రాలు అచ్చయి వచ్చాయి. వేణు పేరు వ్యవస్థాపకుడని, అనికేత్ పేరు సహ వ్యవస్థాపకుడని. నా పేరు కోసం వెనక్కి తిప్పి కూడా చూశాను, సిగ్గు విడిచి చెప్తున్నాను. "ఇంటోళ్ళ పేర్లేస్తే ప్రొఫెషనల్‌గ ఉండది" అన్నాడు వేణు, నేను అడగకముందే. అనికేత్ మాత్రం, "స్టేజి మీద లాప్‌టాప్ దగ్గర వహినీ కూసుంటది. ఒక లేడీ కనిపిస్తే మంచిగుంటది" అన్నాడు. వేణు నా వైపు చూశాడు. "కూసుంటా" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా మనసులో ఏమీ లేదు. మర్నాడు క్లిప్పులు సర్దుతుంటే వచ్చింది. వేణు చెప్పింది ఒక్క క్లిప్పులో నా గొంతు కత్తిరించి శుభ్రం చేయమని. ఆ ఒక్కటి కత్తిరించాను, మిగిలిన నలభైలో దేన్నీ కత్తిరించలేదు.

లాంచింగు రోజు పొద్దున పుణె నుంచి వచ్చిన ఆరుగురికి పోహాలు, చాయ్ చేసి, అత్తకు చీర ఇస్త్రీ చేసి, వేణు చొక్కాకు ఊడిన గుండీ కుట్టి, తొమ్మిదింటికి కాలేజీ హాలుకు చేరాను. వంద మంది దాకా వచ్చారు. ముందు వరసలో డాక్టర్లు, కాలేజీ ప్రిన్సిపాలు, పుణెవాళ్ళు, వాళ్ళ పక్కన మా అత్త. వెనక కాలేజీ పిల్లలు. అందరికీ చాయ్ అందించే, అందరూ మౌశీ అని, అంటే పిన్నీ అని, పిలిచే కాశీబాయి తన పళ్ళెం పట్టుకుని తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడింది. పొద్దున కుర్చీలు తుడిచింది కూడా ఆమే.

వేణు బాగా మాట్లాడాడు. పెద్ద కంపెనీలు మన మాటను లెక్కలోకి తీసుకోలేదన్నాడు. లెక్కలో లేనివాళ్ళ కోసం ఇది చేశామన్నాడు. నాలుగేళ్ళనాటి ఆ గుమ్మంలోని మనిషే మాట్లాడుతున్నట్టు అనిపించింది. తల్లికి కృతజ్ఞతలు చెప్పాడు. అనికేత్‌కు చెప్పాడు. "మా మిసెస్ గూడ ఇంట్ల మస్తు సపోర్ట్ చేసింది" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను లేచి నమస్కారం పెట్టాను.

తర్వాత పెద్ద కంపెనీ ఫోనును మైకు ముందు పెట్టి, నాకు సైగ చేశాడు. నొక్కాను. "కడుపుల మంటైతుంది బిడ్డా, జరా బస్ మాఝ్యాపాశీ." అమ్మ గొంతు ఆ హాలంతా నిండింది. బతికున్నప్పుడు ఆమె ఎన్నడూ అంత గట్టిగా మాట్లాడలేదు. మళ్ళీ చెప్పండి అంది ఫోను. జనం నవ్వారు. ముచ్చట తెర మీద రాసింది, పైన స్పీకర్ పదిహేడు అని. చప్పట్లు మోగాయి. ఒక డాక్టరు లేచి నిలబడి మరీ కొట్టాడు. మా అత్త కూడా కొట్టింది, ఎవరి గొంతో ఆమెకు తెలిసిందో లేదో. వేణు నవ్వుతూ నా వైపు తిరిగి, తర్వాతి బొమ్మ చూపించమన్నట్టు వేలు ఊపాడు.

నేను మే పద్దెనిమిది నొక్కాను.

"కడుపుల మంటైతుంది బిడ్డా." "ఇది చెప్పినవమ్మా, వేరేది చెప్పు." తెర మీద తారీఖు, రెండు మాటలూ పడ్డాయి. జనం ఇది కూడా డెమోనే అనుకుని కొంచెం చప్పట్లు కొట్టారు. మే ఇరవై. మే ఇరవై మూడు. వేణు దగ్గరికి వచ్చి మైకుకు దూరంగా వంగి, "ఏం జేస్తున్నవ్, తప్పుది అస్తుంది" అన్నాడు. "తప్పుది గాదు" అన్నాను. జూన్ ఇరవై. "అమ్మా, రిపీట్ వద్దన్న గద." ఎవరో నవ్వబోయి ఆగారు. వేణు లాప్‌టాప్ వైపు చెయ్యి చాపాడు. నేను అతని మొహంలోకి చూసి, "విననియ్యి" అన్నాను. పదమూడేళ్ళుగా మీరు అని పిలిచిన మనిషిని ఏకవచనంలో అన్నానని నాకు తర్వాత తెలిసింది. అతని చెయ్యి అక్కడే ఆగిపోయింది. లాక్కోలేదు. అది కూడా చెప్పాలి కదా.

జూన్ అయిపోయింది. జూలై వచ్చింది. అమ్మకు తిండి సహించడం లేదు. మంట వీపులోకి పోతోంది. నా నాలుక చప్పరించిన చప్పుడు ఆ పెద్ద స్పీకర్లలో చెంపదెబ్బ కొట్టినట్టు వినిపించింది. కాలేజీ పిల్లల్లో ఒకమ్మాయి రెండు చేతులతో నోరు మూసుకుంది. పుణెవాళ్ళు ఫోన్లు చూసుకోవడం మొదలుపెట్టారు, అనికేత్ స్టేజి పక్కన తల పట్టుకున్నాడు. మా అత్త చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆమెకిప్పుడు తెలిసింది ఎవరి గొంతో. ముచ్చట మాత్రం ఒక్క అక్షరం తప్పకుండా రాసుకుంటూ పోయింది. ఎంత బాగా నేర్పానో దానికి.

ఆగస్టు ఇరవై రెండు. "మర్సిపోతున్న బిడ్డా. ఇగో, బజారు గురించి చెప్త." నలభై ఒకటీ అయిపోయాయి. వేణు తెర మీది తారీఖుల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇక లేచి ఇంటికి పోవాలి, పోతే ఏమవుతుందో తెలియదు, బిలోలి బడిలో నన్ను మళ్ళీ తీసుకుంటారో లేదో తెలియదు. అదేమీ ఆ నిమిషంలో నాకు పెద్దగా అనిపించలేదు.

అప్పుడు తలుపు దగ్గర నుంచి కాశీబాయి, చేతిలో ఖాళీ చాయ్ పళ్ళెంతో, రెండడుగులు ముందుకు వచ్చింది. డాక్టర్లను గానీ వేణును గానీ కాదు, నన్నే చూస్తూ అడిగింది. మరాఠీలో అడిగింది. మరి ఆమెను ఎవరైనా దవాఖానకు తీసుకుపోయారా, అని.

మైకు నా ముందే ఉంది.

"లేదు మౌశీ," అన్నాను. "నేను ఆమె బిడ్డను. నేనే తీస్కపోలే."